ముప్పై అయిదు నిమిషాల తగరం

"అయిదింటికి ఈ అమ్మాయిని తీసుకెళ్ళిపోతున్నా. ఈలోపు అడిగేదేదో అడుక్కోండి షావుకారు గారూ."

సీఐ దేవరాజ్ గోడ గడియారం వంక చూసి అన్నాడు. రెండు దాటి అయిదు నిమిషాలు.

ఆ షావుకారు వెంకటరత్నం. జగ్గయ్యపేటలో వాళ్ళది గిన్నెల కొట్టు. దాన్ని తమ్ముడికి అప్పజెప్పి డిటెక్టివ్ పనిలోకి దిగి పద్దెనిమిదేళ్ళయింది. అయినా దేవరాజ్‌కి అతను షావుకారే. జిల్లా నుంచి ఈ కేసు కోసం ప్రత్యేకంగా వేసిన అధికారి దేవరాజ్. కేసు నిన్ననే తేలిపోయిందని అతని ధీమా.

వాళ్ళున్నది నందిగామలో ఒక క్యాలిబ్రేషన్ ల్యాబ్. ఫ్యాక్టరీల్లో వేడిని చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో ఇక్కడ పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. యజమాని చంద్రమౌళి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్చీలో సుస్మిత. ఇరవై ఆరేళ్ళ టెక్నీషియన్. ఆమె వెనక కానిస్టేబుల్ జయమణి.

శనివారం సాయంత్రం జగ్గయ్యపేట అవతల ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో మొదటి నంబర్ రియాక్టర్ పేలింది. సతీష్‌బాబు అనే ఆపరేటర్ చనిపోయాడు. ఆ రియాక్టర్‌లో ఉడికే సరుకు 234 డిగ్రీలు తాకితే ఇక మంట అక్కర్లేదు, దానంతట అదే వేడెక్కిపోతుంది. అందుకని మీటర్ 233 చూపించగానే మంట ఆపేయాలి. సతీష్‌బాబు సరిగ్గా 233 దగ్గరే ఆపాడు. కెమెరాలో ఉంది. అయినా పేలింది.

ఆ మీటర్ బాగుందని సంతకం పెట్టింది సుస్మిత. ఆమె తల్లి పుష్పవతి వీరులపాడు నుంచి వచ్చి వెంకటరత్నం అరుగు మీద కూర్చుంది. "మా పిల్ల అబద్ధం రాయదు బాబూ" అన్న ఒక్క మాట తప్ప ఇంకేం చెప్పలేకపోయింది.

వెంకటరత్నం కుర్చీ లాక్కున్నాడు.

"ఆ రోజు ఏం చేసావో చెప్పమ్మా. నాకు అర్థమయ్యేట్టు."

సుస్మిత బల్ల మీదున్న కొలిమి చూపించింది. నిలువుగా ఉన్న ఉక్కు డబ్బా. పైన ఒక బెజ్జం.

"దీని లోపల గాజు గొట్టం ఉందండి. గొట్టంలో గ్రాఫైట్ గిన్నె. గిన్నెలో తగరం. మేలిమి తగరం, ఇంకేం కలవదు. దీన్ని సెల్ అంటామండి. ముందు కరిగిస్తాం. తర్వాత నెమ్మదిగా చల్లారనిస్తాం. రెండొందల ముప్పై ఒకటి పాయింట్ తొమ్మిది దగ్గర గడ్డకట్టడం మొదలెడుద్ది. ఇక మొత్తం గడ్డకట్టేదాకా వేడి దిగదండి. మూడు గంటలైనా అక్కడే నిలబడుద్ది."

"ఎందుకు దిగదు?"

"గడ్డకట్టేటప్పుడు దాంట్లో ఉన్న వేడి బయటికొస్తా ఉంటదండి. పోయే వేడికి వచ్చే వేడి సరిపోద్ది. ఎక్కడ చేసినా, తగరం మేలిమిదైతే అదే అంకె. మా పెద్ద థర్మామీటర్‌ని అందులో పెట్టి చూస్తాం. అది ఆ అంకె చూపించాలి. తేడా వస్తే తేడా మేర దిద్దుకుంటాం. దిద్దిన థర్మామీటర్‌తో ఫ్యాక్టరీ మీటర్లు సరిచూస్తాం."

"ఆ రోజు తేడా వచ్చిందా?"

"వచ్చిందండి. ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ చూపించింది. మైనస్ ఒకటిన్నర అని రాసా."

దేవరాజ్ రిజిస్టర్ తెచ్చి వెంకటరత్నం ముందు పడేశాడు.

"టైములు చూడండి. శివరాత్రి మర్నాడు, సోమవారం. తగరం నిలబడటం మొదలు పదకొండూ ఇరవై. ముగింపు పదకొండూ యాభై అయిదు. మూడు గంటలు నిలబడాల్సింది ముప్పై అయిదు నిమిషాలంట! పన్నెండున్నరకి పర్మిషన్ పెట్టి బస్సెక్కేసింది. పరీక్షా చెయ్యలేదు, పాడూ చెయ్యలేదు. నోటికొచ్చిన అంకె రాసి వెళ్ళిపోయింది."

"మా అమ్మకి కంటి ఆపరేషనండి ఆ రోజు" అంది సుస్మిత.

"సతీష్‌బాబుకి శనివారం ప్రాణమే పోయింది."

వెంకటరత్నం రిజిస్టర్ వెనక్కి తిప్పాడు. అంతకుముందు పేజీలన్నీ చూశాడు. మూడు గంటల పది. రెండు యాభై అయిదు. మూడు గంటల అయిదు. శివరాత్రి మర్నాడొక్కటే ముప్పై అయిదు నిమిషాలు.

"ముప్పై అయిదు అని ఎందుకు రాసావు?"

"అంతే నిలబడిందండి. తర్వాత జారిపోయింది."

"మూడు గంటలని రాసుంటే ఎవరన్నా అడిగేవాళ్ళా?"

"ఎవరూ అడగరండి."

"మరి?"

"నిలబడలేదుగా అండి."

వెంకటరత్నం ఆమె ముఖంలోకి చూశాడు. నోటికొచ్చింది రాసేవాళ్ళు అనుమానం వచ్చేట్టు రాయరు. అంతవరకు అతనికి స్పష్టంగానే ఉంది. అక్కడినుంచే అంతా మసక.

"జారిపోయిందని మీ సార్‌కి చెప్పావా?"

"చెప్పానండి. కొలిమి మూత సరిగ్గా పడి ఉండదన్నారు."

చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట.

"అవునండీ, అన్నాను. చలిగాలి తగిలితే త్వరగా గడ్డకడుద్ది. మామూలే."

"ఒకటిన్నర ఎక్కువ రావడం?"

"అది థర్మామీటర్ తప్పండీ. ఇటు రండి."

గోడకి ఒక గ్రాఫ్ అంటించి ఉంది. మధ్యలో నల్లగీత. దాని కింద ఎర్రగీత. పైన ఏ గీతా లేదు.

"నల్లగీత తగరం గడ్డకట్టే వేడి. సెల్‌లో కల్తీ కలిసిందనుకోండి, గడ్డకట్టే వేడి కిందకి పడిపోద్ది. ఎర్రగీత దాటి దిగితే పని ఆపెయ్యాలి. సెల్ పాడైందని లెక్క. పైకి పోయిందా, అది సెల్ తప్పు కాదు. థర్మామీటర్‌కి ఎక్కడో దెబ్బ తగిలి ఉంటది. లోపలి తీగ అదిరితే ఎక్కువ చూపిస్తది. దాన్ని హైదరాబాదు నుంచి బస్సులో తెచ్చాం. మన రోడ్లు మీకు తెలుసుగా. పైకి వస్తే తగ్గించి రాసుకోమని నేనే నేర్పా. పిల్ల నేర్పినట్టే చేసింది పాపం."

"పైన ఎర్రగీత ఎందుకు లేదు?"

"అవసరం లేదండీ."

వెంకటరత్నం గ్రాఫ్ ముందే నిలబడిపోయాడు. థర్మామీటర్ తప్పయితే దిద్దుబాటు సరైనదే. దిద్దుబాటు సరైనదైతే మీటర్ సరైనదే. మీటర్ సరైనదైతే రియాక్టర్ పేలకూడదు. ఎటు తిప్పినా తాళం పడటం లేదు.

"ఇప్పుడు ఆ సెల్ ఎలా ఉంది?" అన్నాడు.

"పొద్దుట్నించీ వేడి మీదే ఉంది" అన్నాడు దేవరాజ్. "కోర్టులో చూపించడానికి నేనే పెట్టించా. హైదరాబాదు నుంచి వేరే థర్మామీటర్ తెప్పించా. సీలుతో వచ్చింది. ఈ ల్యాబ్ వాళ్ళ చెయ్యి పడలేదు. సెల్ బాగానే ఉందని, మూడు గంటలూ నిలబడుద్దని తేలిపోద్ది. అప్పుడు ఈ అమ్మాయి ముప్పై అయిదు నిమిషాల కథ..."

"సార్" అంది జయమణి. తెర వైపు చూస్తోంది. "అంకె ఆగింది సార్."

అందరూ తెర దగ్గరికి వెళ్ళారు. రెండు గంటల పన్నెండు నిమిషాలు. తెర మీద 233.4.

సుస్మిత కుర్చీలోంచి లేచింది. జయమణి ఆపలేదు.

"ఒకటిన్నర పైన" అంది సుస్మిత మెల్లగా. "ఆ రోజు కూడా ఇంతేనండి."

దేవరాజ్ తెర పక్కన వేలితో తట్టాడు. అంకె మారలేదు.

"దీనికీ దారిలో దెబ్బ తగిలి ఉంటది" అన్నాడు.

"మొదటిది బస్సులో వచ్చింది. ఇది మీ జీపులో వచ్చింది" అన్నాడు వెంకటరత్నం. "రెండూ ఒకే గుంతలో పడ్డాయా?"

"వెటకారాలొద్దు."

"రెండిటికీ సరిగ్గా ఒకటిన్నర దెబ్బే తగిలిందా?"

"అయితే ఏంటంటారు? సెల్‌లో కల్తీ ఉందంటారా? కల్తీ ఉంటే తగ్గాలి, పెరగదు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివా. ఐసు ఫ్యాక్టరీ వాడు కూడా చెప్తాడు, ఉప్పేస్తే నీళ్ళు గడ్డకట్టడానికి ఇంకా చల్లబడాలని. గిన్నెలమ్మేవాళ్ళకి ఇవి తెలియవులెండి."

"తెలియదు" అన్నాడు వెంకటరత్నం. నిజంగానే అతనికి తెలియదు.

అతను స్టూలు వేసుకుని తెర ముందు కూర్చున్నాడు. దేవరాజ్ ఫోన్లు మాట్లాడుకున్నాడు. చంద్రమౌళి టీ తెప్పించాడు, ఎవరూ తాగలేదు. రెండు నలభై అయిదుకి 233.4 కాస్తా 233.3 అయింది. రెండు నలభై ఏడుకి 233.2. తర్వాత ఆగలేదు.

పన్నెండు నుంచి నలభై ఏడు. ముప్పై అయిదు నిమిషాలు.

"ఈ అమ్మాయి రాసింది నిజం" అన్నాడు వెంకటరత్నం. "మీ కళ్ళముందే నిలబడింది, మీ కళ్ళముందే జారింది."

దేవరాజ్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. కానీ వదల్లేదు.

"సరే, టైము నిజం. సెల్ కూడా పాడైందనుకుందాం. మరి అంకె కింద పడాలి కదా? పడలేదే! మీ ప్రశ్నకి మీరే జవాబు చెప్పుకోండి. అయిదింటిదాకా టైముంది. సెల్ పాడైందని నిరూపించినా దాన్ని పట్టించుకోకుండా సంతకం పెట్టింది ఈ అమ్మాయే."

వెంకటరత్నం చంద్రమౌళి వైపు తిరిగాడు.

"సెల్ ఎవరెవరు ముట్టుకుంటారు?"

"నేను, సుస్మిత. తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. చిన్నప్పట్నించీ ఈ పనే అండీ నాది. ఒక్క చుక్క సీసం కూడా ఈ గదిలోకి రానివ్వను. తగరానికి సీసమే శత్రువు."

"సెల్ చేసినప్పటి తగరం ఇంకా ఉందా?"

"సీసాలో నాలుగు ముక్కలే మిగిలాయండి" అంది సుస్మిత. "అప్పుడేసిన సీలు మళ్ళీ తీయలేదు."

"ఆ ముక్కలు కొంచెం కావాలి. సెల్‌లోంచి కూడా కొంచెం కావాలి."

"సెల్‌లోంచా!" చంద్రమౌళి మాట మొదటిసారి గట్టిగా వచ్చింది. "గొట్టం తెరిస్తే ఇక అది పనికిరాదండీ. కొత్తది రావాలంటే మూడు నెలలు."

"తియ్యండి" అన్నాడు దేవరాజ్. "షావుకారు గారి ముచ్చట ఎందుకు కాదనాలి? ఏ ల్యాబ్‌కి పంపిస్తారు? రిపోర్టు రావడానికి పది రోజులు పట్టుద్ది."

"జగ్గయ్యపేట. పది నిమిషాలు చాలు."

సెల్‌ని మళ్ళీ కాస్త కరిగించి, సుస్మిత గ్రాఫైట్ గరిటెతో కొంచెం తీసింది. ఇనుప యాంగిల్ గాడిలో పోసి పెన్సిల్ లావు పుల్ల చేసింది. సీసాలో ముక్కలతో ఇంకో పుల్ల. వెంకటరత్నం మేలిమి దానికి ఒక గాటు, సెల్ దానికి రెండు గాట్లు పెట్టాడు. దేవరాజ్ రెండిటినీ కవర్లో వేసి తన జేబులో పెట్టుకున్నాడు.

"నేనూ వస్తున్నా. మీరు దారిలో మార్చేస్తే?"

మూడూ పదికి జీపు బయల్దేరింది.

*

మూడు నలభై అయిదుకి జీపు జగ్గయ్యపేటలో ఒక సందు మొదట్లో ఆగింది.

కృపావతి ఇత్తడి గిన్నె లోపల తగరం పూసి కళాయి వేస్తోంది. కణకణలాడుతున్న బొగ్గుల మీద ఇత్తడి గుండిగ. తగరం పట్టడానికి దాంట్లో నవసాగరం పొడి చల్లి దూదితో రుద్దుతోంది. తెల్లగా పొగ లేచింది. భర్త పోయాక పదిహేనేళ్ళుగా ఆ పని ఆవిడే చేస్తోంది. వెంకటరత్నం కొట్టు గిన్నెలన్నీ ఒకప్పుడు ఆవిడ చేతిలోంచి వచ్చినవే.

"ఏంటి రత్నం బాబూ, పోలీసు జీపెక్కొచ్చావు? నిన్నేమన్నా పట్టుకొచ్చారా?"

"ఇంకా లేదు. ఇవి చూడు కృపమ్మా."

"ఇదా మీ ల్యాబ్?" అన్నాడు దేవరాజ్.

"ఎవరాయన? కూర్చోమను. కాలికింద నిప్పులుంటాయి, చూసుకోమను."

ఆవిడ చేతులు తుడుచుకుని ఒక గాటున్న పుల్ల తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని వంచింది. పుల్ల కీచుమంది. పచ్చి చెరుకు కొరికినట్టు చిటచిటలాడింది.

"ఇది తగరం. తగరమంటే ఏడవాలి. ఇంత బాగా ఏడ్చే తగరం చూసి ఎన్నాళ్ళయిందో. ఎక్కడిది బాబూ?"

"రెండోది చూడు."

వంచింది. మూలిగినట్టు సన్నగా ఒక చప్పుడు వచ్చింది. మళ్ళీ వంచింది. ముఖం చిట్లించింది.

"ఇది కలిపింది."

"సీసం కలిసిందా?" అన్నాడు దేవరాజ్.

"సీసం కలిస్తే మెత్తబడుద్ది సారూ. కాగితం మీద గీస్తే నల్లగా పడుద్ది." పక్కనున్న పాత క్యాలెండర్ వెనక గీసింది. గీత పడలేదు. "చూసావా? ఇది బిరుసెక్కింది. వంగనంటోంది. ఇది ఫ్రిజ్జు తీగ."

"ఏ తీగ?"

"కోల్డ్ స్టోరేజీల్లో రాగి గొట్టాలకి అతుకులు పెడతారే, ఆ తీగ. సీసం లేందని ఒకసారి మెకానిక్కులు నాకు అంటగట్టారు. కళాయికి పనికిరాదు. తగరం కరిగి గిన్నెంతా పాకినా ఇది ఇంకా గడ్డలాగే కూర్చునుంటది. మొండిది."

వెంకటరత్నం వెన్ను నిటారైంది.

"ఇంకోసారి చెప్పు. తగరం కరిగినా?"

"ఇది కరగదు బాబూ. ఇంకాస్త వేడి కావాలి దీనికి."

"అలా కుదరదమ్మా" అన్నాడు దేవరాజ్. "ఏది కలిసినా ముందే కరగాలి."

"సీసం కలిస్తే ముందే కరుగుద్ది, నిజమే. ఇది సీసం కాదంటున్నాగా. నీకు చెప్తే నమ్మవుగానీ చూడు."

ఆవిడ గుండిగ దించింది. బొగ్గుల మీద బూడిద కప్పి మంట తగ్గించింది. దాని మీద ఇనప పెనం పెట్టింది. మేలిమి పుల్లలోంచి గింజంత ముక్క, సెల్ పుల్లలోంచి గింజంత, మూలనున్న చుట్టలోంచి తీగ ముక్క గింజంత. మూడిటినీ పెనం నడుమ దగ్గర దగ్గరగా పేర్చింది. వేడి చాలా నెమ్మదిగా ఎక్కింది. దేవరాజ్ మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు.

మేలిమి ముక్క అంచులు గుండ్రబడ్డాయి. మెరిసి చుక్కయింది.

సెల్ ముక్క ఇంకా ముక్కగానే ఉంది. ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు. అప్పుడు అదీ చుక్కయింది.

తీగ ముక్క మాత్రం కదల్లేదు. కృపావతి మూడుసార్లు విసనకర్ర ఊపాక గానీ కరగలేదు.

"మళ్ళీ చెయ్యి" అన్నాడు దేవరాజ్.

మళ్ళీ చేసింది. ఈసారి ముక్కల చోట్లు మార్చి పెట్టింది. అదే వరస.

దేవరాజ్ లేచి మూలనున్న తీగచుట్ట తీశాడు. దాని మీద చీటీ ఇంగ్లీషులో ఉంది. చదివాడు. రెండోసారి చదివాడు.

"టిన్ తొంభై అయిదు శాతం. యాంటిమొనీ అయిదు." కృపావతి వైపు తిరిగాడు. "ఈ యాంటిమొనీ లోహం తగరంలో కలిస్తే గడ్డకట్టే వేడి పెరుగుద్దా?"

"నాకు ఆ పేర్లు తెలియవు" అంది కృపావతి.

వెంకటరత్నానికి ఇప్పుడు తాళం పడింది. సెల్ నిజంగానే ఒకటిన్నర డిగ్రీ పైన గడ్డకడుతోంది. మేలిమి కాదు కాబట్టే మూడు గంటలు నిలబడలేదు. థర్మామీటర్ నిజం చెప్పింది. ల్యాబ్ వాళ్ళు సెల్‌ని నమ్మి, నిజం చెప్పిన థర్మామీటర్‌కి ఒకటిన్నర కోత పెట్టారు. ఆ కోతతో సరిచూసిన ప్రతి మీటరూ ఒకటిన్నర తక్కువ చూపిస్తుంది. శనివారం సాయంత్రం సతీష్‌బాబు మీటర్‌లో 233 చూసి మంట ఆపాడు. రియాక్టర్ లోపల అప్పటికే 234న్నర.

ఎర్రగీత కింద మాత్రమే గీసుకున్నారు. దొంగ పైనుంచి వచ్చాడు.

"కృపమ్మా, ఈ తీగ నీ దగ్గర ఎవరన్నా కొన్నారా?"

"దీన్నెవరు కొంటారు? ఒక్కాయనే. ముక్త్యాల తిరణాలకి గుండిగలు కళాయికొచ్చిన రోజుల్లో. శివరాత్రికి రెండ్రోజుల ముందు అనుకో. ఇస్త్రీ చొక్కా, మెత్తగా మాట్లాడతాడు. తగరం కావాలన్నాడు. గుండిగల పనితో తగరం అయిపోయింది, ఈ తీగే ఉందన్నా. దీంట్లో సీసం ఉందా అన్నాడు. లేదన్నా. నిజంగా లేదా అన్నాడు. లేదన్నా. ఒట్టేసి చెప్పమన్నాడు. సీసం లేదని మూడుసార్లు చెప్పించుకుని రెండు చుట్టలు పట్టుకెళ్ళాడు. ఇంకేం ఉందో మాత్రం అడగలేదు."

"పేరు?"

"పేరెవరికి తెలుసు? తగరం వస్తే ఫోను చెయ్యమన్నాడు. అదిగో, నంబరు."

గోడ మీద బొగ్గుతో రాసిన పది అంకెలు. దేవరాజ్ తన ఫోనులో ఒక్కో అంకే నొక్కాడు. పదో అంకె నొక్కగానే తెర మీద పేరు దానంతట అదే వచ్చింది.

చంద్రమౌళి ల్యాబ్.

రింగయింది. ఎవరూ ఎత్తలేదు.

"సెల్‌లో తగరం ఒలకబోసుకుని ఉంటాడు" అన్నాడు వెంకటరత్నం. "కొత్తది రావాలంటే మూడు నెలలు. పోయిన తగరం బదులు ఇది పోశాడు. సీసమొక్కటే శత్రువనుకున్నాడు."

దేవరాజ్ జయమణికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. నాలుగూ పన్నెండు.

"చంద్రమౌళికి ఫోనివ్వు."

"లేరు సార్. మీరు బయల్దేరిన పది నిమిషాలకే కారేసుకుని వెళ్ళారు. రిజిస్టర్ కూడా పట్టుకెళ్ళారు."

"ఎందుకు వదిలావు?"

"మీరు కనిపెట్టుకుని ఉండమంది ఈ అమ్మాయిని సార్."

దేవరాజ్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక వెంకటరత్నం వైపు చూడకుండా అన్నాడు:

"ఆ అమ్మాయిని కనిపెట్టక్కర్లేదు. అరెస్టు లేదు. ఆవిడ రాసిందంతా నిజమే. ఆ మాట ఆవిడకి చెప్పు."

"వింటున్నానండి" అంది సుస్మిత. అటు జయమణి కూడా స్పీకర్ పెట్టినట్టుంది.

వెంకటరత్నం ఫోను దగ్గరికి వంగాడు. అతన్ని ఇంకేదో పీకుతోంది. రిజిస్టర్ ఎందుకు? పారిపోయేవాడు బరువైన పుస్తకం ఎందుకు మోసుకెళ్ళాడు? దాంట్లో ఉన్నది సుస్మిత రాతే కదా? ఆ దిద్దుబాటుతో వెళ్ళిన మీటర్ల లెక్క కూడా!

"అమ్మా, శివరాత్రి తర్వాత ఆ దిద్దుబాటుతో ఎన్ని మీటర్లకి సంతకం పెట్టావు?"

"తొమ్మిదిటికండి."

"రిజిస్టర్ లేకుండా చెప్పగలవా?"

"నేనేగా రాసింది. రెండు బేకరీ ఓవెన్లవండి. నాలుగు సిమెంటు ఫ్యాక్టరీ ఆయిల్ హీటర్లవి. ఒకటి వత్సవాయి రోడ్డులో పైపుల కంపెనీది. వీటికి ఒకటిన్నరతో పోయేదేం లేదండి. మిగతా రెండూ..." ఆగింది.

"మిగతా రెండూ?"

"పేలిన ఫ్యాక్టరీవేనండి. ఒకటి మొదటి రియాక్టర్‌ది. ఇంకోటి రెండో రియాక్టర్‌ది. అది మొన్నటిదాకా రిపేరులో ఉందన్నారు. దాంట్లోనూ అదే సరుకు."

"పేలుడయ్యాక దానికీ సీలేశారు కదా" అన్నాడు వెంకటరత్నం.

దేవరాజ్ ఫోను వైపే చూస్తున్నాడు.

"సీఐ గారూ. రెండో రియాక్టర్‌కి సీలుంది కదా?"

"నిన్న తీయించా" అన్నాడు దేవరాజ్. "మొదటి మీటర్ సర్టిఫికెట్ ఒక్కటే దొంగదని తేలిపోయిందనుకున్నా. ఆర్డర్లు ఆగిపోతున్నాయని వాళ్ళు బతిమాలారు. ఇబ్బంది లేదని కాగితం ఇచ్చా."

"ఎప్పుడు మొదలెడతామన్నారు?"

"ఈ రోజు. మధ్యాహ్నం షిఫ్టులో."

ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తారు. వెనక మోటార్ల హోరు.

"షిఫ్టు ఇన్‌చార్జి సాయిప్రసాద్. ఎవరండీ?"

"రెండో రియాక్టర్ నడుస్తోందా?"

"నడుస్తోందండి. భయపడక్కర్లేదు. దగ్గరే నిలబడి చూస్తున్నా. సతీష్‌బాబుకి అలా అయ్యాక మేం చాలా జాగ్రత్తగా ఉంటున్నాం."

"వెంటనే మంట ఆపెయ్."

"ఎవరు మీరు? నా దగ్గర సీఐ గారి కాగితం ఉంది."

"నేనే దేవరాజ్‌ని! ఆ కాగితం చింపెయ్! మంట ఆపు, మనుషుల్ని బయటికి పంపు!"

అవతల కేకలు వినిపించాయి. ఏదో వాల్వు తిప్పిన చప్పుడు. వెంకటరత్నం ఫోను అందుకున్నాడు.

"మంట ఆపేటప్పటికి మీటర్ ఎంత ఉంది?"

"రెండొందల ముప్పై రెండున్నరండి. గీతకి ఇంకా అర డిగ్రీ దూరం ఉంది. ఎందుకండీ ఇంత హడావుడి?"

వెంకటరత్నం దానికి ఒకటిన్నర కలిపాడు. సరిగ్గా 234.

"సాయిప్రసాద్, ఇప్పుడెంత ఉంది?"

అవతల మోటార్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సాయిప్రసాద్ ఊపిరి దగ్గరగా వినిపించింది.

"మంట ఆపేసామండి" అన్నాడు అతను. "కానీ ఇది ఆగట్లా. ముప్పై మూడు దాటింది."